కుట్టు మిషను కన్నా ముందు: కుంగిన మనసుకు చిన్న పనుల చికిత్స



ప్రతి ఏడాదీ ఈ సంచికలో ఎన్ని కుట్టు మిషన్లు ఇచ్చామో, ఎందరు పిల్లలకు ఫీజులు కట్టామో, రంజాన్‌లో ఎన్ని ఇళ్లకు రేషన్ కిట్లు చేర్చామో లెక్క చెప్పుకుంటూ వస్తున్నాం. ఈసారి ఆ లెక్కలో కలిసి కూడా కలవని ఒక మిషను గురించి చెప్పాలి.

మోకిలకు దగ్గరలోని ఒక ఊళ్లో భర్తను పోగొట్టుకున్న ఒక సోదరికి, ఇద్దత్ గడువు ముగిశాక మన సంఘం తరఫున కుట్టు మిషను ఇచ్చాం. పెళ్లికి ముందు నుంచే ఆమెకు కుట్టుపని వచ్చు. ఊళ్లో ఆమె చేతి కుట్టుకు పేరుంది. ఇంతకన్నా తగిన మనిషి దొరకదనుకున్నాం. నాలుగు నెలల తరువాత చూడబోతే మిషను మీద పాత దుప్పటి, దాని మీద బియ్యం సంచి, ఆ పైన పిల్లల పుస్తకాలు. ఒక్క గుడ్డ ముక్క కూడా కుట్టలేదు.

"ఇంత మంచి మిషను ఇచ్చినా వాడుకోకపోతే ఎట్లమ్మా? దాతలకు మేమేం జవాబు చెప్పాలె?" అని మాలో ఒకరు గట్టిగానే అడిగారు.

ఆమె తల ఎత్తలేదు. "కుట్టాలనే ఉంది ఆపా. చెయ్యి లేస్తలేదు" అంది.

మేము దాన్ని సాకు అనుకున్నాం. మిషను వాపసు తీసుకుని మరొకరికి ఇస్తే నయమని తిరుగు దారిలో మాట్లాడుకున్నాం కూడా. ఆ మాట వెనుక ఉన్నది మాకు అర్థమైంది వాళ్లింట్లో కాదు, తరగతి గదిలో. ఆమె కూతురు ఆరో తరగతి. చురుకైన పిల్ల. రోజూ రెండో పీరియడ్‌కు వస్తోంది. జడ లేదు, డబ్బా లేదు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే ఒకటే జవాబు: "అమ్మీ లేవలేదు టీచర్." ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, నెలల తరబడి లేవలేదు. అప్పుడు గానీ మాకు తట్టలేదు, ఆమెకు లేనిది మిషను కాదని.

ఆసుపత్రికి తీసుకువెళ్తే డాక్టరు గారు తొమ్మిది ప్రశ్నలు అడిగి, ఇది డిప్రెషన్, తెలుగులో కుంగుబాటు అని చెప్పారు. ఆ రోజు నుంచి మేము నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ఇది బద్ధకం కాదు, ఈమాన్ లోపం అసలే కాదు

దుఃఖం వేరు, కుంగుబాటు వేరు. అయినవాళ్లు పోతే ఎవరికైనా దుఃఖం వస్తుంది. రోజులు గడిచే కొద్దీ తగ్గుతుంది. మధ్యలో పిల్లల మాటకు నవ్వు వస్తుంది, ఇష్టమైన కూర వండితే తినబుద్ధి అవుతుంది. కుంగుబాటులో ఆ నవ్వు, ఆ రుచి రెండూ పోతాయి. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ మనసు దిగులుగా ఉండటం, ఇంతకు ముందు ఇష్టమైన దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా అదే పనిగా నిద్ర, ఆకలి మారిపోవడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, నేను ఎందుకూ పనికిరాననే భావన, మనసు ఒకచోట నిలవకపోవడం, మాట కదలిక నెమ్మదించడం లేదా ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం, చనిపోతే బాగుండుననే తలపు. డాక్టరు గారు అడిగిన తొమ్మిది ప్రశ్నలూ ఇవే. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం 27. పది, అంతకు మించి వస్తే జాగ్రత్తగా చూడాలంటారు. మేము ఇన్నేళ్లుగా మార్కులు వేస్తున్నాం గానీ, మార్కులు పెరిగితే భయపడాల్సిన పరీక్ష ఇదొక్కటే చూశాం.

మన ఆడవాళ్లు "నాకు డిప్రెషన్" అని చెప్పరు. "ఒళ్లంతా నొప్పులు", "కమ్‌జోరీ", "గుండె దడ", "తల తిమ్మిరి", "దిల్ నై లగ్రా" అంటారు. రక్త పరీక్షలు చేయిస్తారు. అన్నీ బాగున్నాయంటారు. ఇంట్లో వాళ్లు "ఏమీ లేదట, ఊరికే పడుకుంటోంది" అంటారు. ఇంకొందరు నజర్ తగిలిందంటారు. అన్నిటికన్నా లోతుగా గుచ్చుకునే మాట మరొకటి ఉంది: "నమాజు సరిగ్గా చేస్తే ఇవన్నీ ఎందుకొస్తాయి?"

ఆ మాట అనే ముందు మనం ఒకసారి ఆలోచించాలి. యూసుఫ్ (అ) దూరమైన దుఃఖంలో తండ్రి యాఖూబ్ (అ) కళ్లు తెల్లబడిపోయేదాకా ఏడ్చారని దివ్య ఖురాన్ చెబుతోంది. ఆయన ప్రవక్త. ఆయన ఈమాన్‌ను ఎవరు శంకించగలరు? ఖదీజా (ర), అబూ తాలిబ్ ఒకే ఏడాదిలో దూరమైన సంవత్సరాన్ని మన చరిత్ర దుఃఖ సంవత్సరం అనే పేరుతోనే గుర్తుంచుకుంది. దుఃఖించడం విశ్వాసానికి మచ్చ కాదు. అలాగే మనసు జబ్బు పడటం కూడా కాదు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ (850–934) పదకొండు వందల ఏళ్ల క్రితమే శరీరంతో పాటు మనసు కూడా జబ్బు పడుతుందని, రెండింటికీ వైద్యం అవసరమని ఒక గ్రంథమే రాశారు. కారణం తెలిసిన దిగులు వేరు, కారణం తెలియకుండా వచ్చే దిగులు వేరు అని విడదీసి చెప్పారు. అంటే ఈ జ్ఞానం మనకు బయటి నుంచి వచ్చిన కొత్త సరుకు కాదు, మనం మరిచిపోయిన పాత సొత్తు.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనవుతున్నారు. చికిత్స అవసరమైన ప్రతి 100 మందిలో దాదాపు 85 మందికి అది అందడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఈ జబ్బు మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ.

మన చుట్టూ ఏం మారింది

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఇరవై ఏళ్ల క్రితం ఆడవాళ్లు పొద్దున్నే గుంపుగా పొలాలకు, పూల తోటలకు, కూరగాయల తోటలకు కదిలేవారు. కలుపు తీస్తూ, టమాట తెంపుతూ నాలుగు మాటలు చెప్పుకునేవారు. ఒకరోజు ఒకరు రాకపోతే మిగతావాళ్లు సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అడిగేవారు. దాన్ని ఎవరూ చికిత్స అనలేదు, కానీ అందులో సగం చికిత్స ఉంది.

ఇప్పుడు ఆ పొలాలు వెంచర్లయ్యాయి, విల్లాలయ్యాయి. 2023 ఆగస్టులో మోకిలలో హెచ్‌ఎండీఏ ప్లాట్లు వేలం వేస్తే ఒకచోట గజం ధర లక్ష రూపాయలు దాటింది. భూమి ఉన్నవారికి డబ్బు వచ్చింది, మంచిదే. భూమి లేని కుటుంబాల ఆడవాళ్లకు విల్లాల్లో ఇంటి పని దొరికింది. అదీ మంచిదే. కానీ ఆటోలో దిగి ఎవరి గేటులోకి వారు, ఎవరి వంటింట్లోకి వారు. పక్కన మాట్లాడే మనిషి లేదు. ఇక భర్త పోయినా, భర్త గల్ఫ్‌లో ఉన్నా, కొత్తగా కాన్పు అయినా, ఇంట్లోనే ఉండే ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లు రాలేదని గమనించే గుంపే లేకుండా పోయింది.

చికిత్స ఎలా పని చేస్తుంది

కుంగుబాటుకు మందులున్నాయి, మాటలతో చేసే చికిత్సలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు బిహేవియరల్ యాక్టివేషన్. మన మాటల్లో చెప్పాలంటే పనుల ద్వారా మనసును లేపే చికిత్స. చాలా మందికి దీని పేరు కూడా తెలియదు. మాకూ తెలియదు. కానీ దీని మూలం మేము బీఎడ్‌లో చదువుకున్న పాఠంలోనే ఉందని తెలిసి ఆశ్చర్యపోయాం. స్కిన్నర్ పావురాల ప్రయోగాలు, పునర్బలనం అనే మాట ఉపాధ్యాయులందరికీ గుర్తుంటాయి. ఒక పనికి మంచి ఫలితం దొరికితే ఆ పని మళ్లీ చేస్తాం, దొరకకపోతే మానేస్తాం. ఆ స్కిన్నర్‌తో కలిసి 1957లో పుస్తకం రాసిన చార్లెస్ ఫెర్‌స్టర్ అనే శాస్త్రవేత్త 1973లో ఇదే సూత్రాన్ని కుంగుబాటుకు అన్వయించారు. తరువాత పీటర్ లెవిన్‌సన్, నీల్ జేకబ్‌సన్ వంటివారు దాన్ని చికిత్సగా తీర్చిదిద్దారు.

సూత్రం ఇది. జీవితంలో పెద్ద దెబ్బ తగిలినప్పుడు మనిషికి సంతోషం ఇచ్చే పనులు, పలకరింపులు తగ్గిపోతాయి. అవి తగ్గితే మనసు కుంగుతుంది. మనసు కుంగితే ఇంకా తక్కువ పనులు చేస్తారు. పక్కింటి పెళ్లికి పిలుపు వస్తుంది. వెళ్తే ఎవరేం అడుగుతారోనని గుండె బరువెక్కుతుంది. వెళ్లరు. ఆ పూటకు ఊరటగా ఉంటుంది. మరునాడు ఒంటరితనం ఇంకాస్త పెరుగుతుంది. ఇట్లా తప్పించుకోవడం వడ్డీ అప్పు లాంటిది. తీసుకున్న రోజు చేతిలో డబ్బు కనిపిస్తుంది, తరువాత ఇల్లే మింగుతుంది.

ఈ వలయాన్ని ఎక్కడ తెంపాలి? "మనసు బాగుపడితే పని చేస్తాను" అని మనమంతా అనుకుంటాం. ఈ చికిత్స దాన్ని తిప్పి చెబుతుంది. ముందు చిన్న పని, తరువాత మనసు. ఆమె మనసు లేచేదాకా ఆగకుండా, అనుకున్న వేళకు అనుకున్న చిన్న పని చేయించడం. మనసు చెప్పినట్టు కాదు, కాగితం చెప్పినట్టు నడవడం.

క్రమం ఇలా ఉంటుంది. మొదటి వారం ఏ పనీ చెప్పరు. రోజంతా ఏం చేశారో, ఆ సమయంలో మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది వరకు అంకె వేసి రాసుకోమంటారు. ఎప్పుడూ ఒకేలా ఉన్నానని చెప్పే మనిషికి, కాగితం చూస్తే తేడా కనబడుతుంది: పొద్దున రెండు, చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడినప్పుడు నాలుగు. ఆ రెండు అంకెల తేడాయే మొదటి పాఠం. రెండో వారం నుంచి అలాంటి పనులు ఏరి రోజులో ఒక వేళకు కట్టేస్తారు. కొన్ని ఆనందం ఇచ్చేవి, కొన్ని "ఇది నేను చేశాను" అనిపించేవి. పని పెద్దదైతే ముక్కలు చేస్తారు. మేము పిల్లలకు ఒకేసారి పేరా రాయించం. ముందు అక్షరం, తరువాత పదం, ఆ తరువాత వాక్యం. ఇదీ అంతే.

చదువు రాని వారు కాగితం ఎలా నింపుతారన్న ప్రశ్న వస్తుంది. దానికి చింతగింజలు చాలు. పని చేసిన పూట డబ్బాలో ఒక గింజ, మనసు కాస్త తేలికైతే ఇంకొకటి. ఇక వేళలంటే, గడియారం చూడనక్కర్లేకుండా మన ఊళ్లలో రోజుకు ఐదుసార్లు అజాన్ వినబడుతుంది. ఫజర్ తరువాత ఒకటి, అస్ర్ తరువాత ఒకటి అని పనిని అజాన్‌కు కట్టవచ్చు. నమాజు లేని రోజుల్లో కూడా అజాన్ ఆగదు కదా.

ఇది ఇంకొక చాకిరీ కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక. "పనిలో పడితే అన్నీ మరిచిపోతావు" అని మన పెద్దలు చెప్పే మాటకూ ఈ చికిత్సకూ పోలిక ఉంది గానీ, రెండూ ఒకటి కాదు. మన ఆడవాళ్లకు పని తక్కువై కుంగుబాటు రాలేదు. నాలుగింటికి లేచి పది గంటల దాకా చాకిరీ చేస్తూనే లోపల ఎండిపోయినవాళ్లు ఉన్నారు. అలాంటి మనిషికి ఇంకో నాలుగు పనులు అప్పజెప్పడం చికిత్స కాదు, శిక్ష. ఆమె రోజులో ఆమె కోసం ఏముందో వెతకడమే అసలు పని. ఒకామెకు అది మేడ మీద రెండు మొక్కలు పెంచడం. ఇంకొకామెకు సాయంత్రం పావుగంట ఖురాన్ పారాయణం. మరొకామెకు శుక్రవారం పుట్టింటికి వెళ్లి అక్కతో టీ తాగడం. కొందరికి ఉన్న పనుల్లో ఒకటి తగ్గించడమే మందు. అందుకు అత్తగారితోనో, భర్తతోనో కూర్చుని మాట్లాడాల్సి రావచ్చు.

ఏ పనైనా ఎంచుకునేది ఆమె. కూర్చుని వినేది మనం. "లేచి పని చూసుకో" అని గుమ్మంలో నిలబడి చెప్పే మనిషి ఈ చికిత్స చేయలేరు. మేము మొదటిసారి ఆ ఇంటికి వెళ్లి చేసింది సరిగ్గా అదే.

రుజువులు ఎక్కడున్నాయి

దాతలు అడగవలసిన ప్రశ్న ఇది. మనకు దగ్గరి రుజువు గోవాలో ఉంది. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి అక్కడ హెల్దీ యాక్టివిటీ ప్రోగ్రాం పేరుతో ఇదే చికిత్సను పరీక్షించారు. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, కుంగుబాటు తీవ్రంగా ఉన్న 495 మంది, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లు. చికిత్స చేసింది డాక్టర్లు కాదు, సైకాలజిస్టులు కాదు. ఇంతకు ముందు మానసిక వైద్యంలో ఏ శిక్షణా లేని స్థానికులు. వారికి శిక్షణ ఇచ్చి, ఒక్కో మనిషితో వారానికోసారి అరగంట, నలభై నిమిషాల చొప్పున ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టారు. మూడు నెలలకు చూస్తే ఈ చికిత్స పొందిన 100 మందిలో 64 మందికి కుంగుబాటు మార్కులు పదికి దిగువకు వచ్చాయి. మామూలు వైద్యం మాత్రమే పొందిన వారిలో అలా వచ్చింది 39 మందికి. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఏడాది తరువాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది.

రావల్పిండి పల్లెల్లో అతిఫ్ రహమాన్ అనే వైద్యుడి బృందం గర్భిణులు, బాలింతల కోసం ఇంటింటికీ తిరిగే మహిళా ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చింది. అది ఆలోచననూ పనినీ కలిపి సరిదిద్దే పద్ధతి. 903 మంది తల్లులతో జరిగిన ఆ అధ్యయనం 2008లో వెలువడింది. కాన్పు అయిన ఆరు నెలలకు, చికిత్స పొందిన తల్లుల్లో కుంగుబాటు మిగిలింది నూటికి 23 మందిలో, పొందని వారిలో 53 మందిలో. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అన్ని దేశాలకూ పనికివచ్చే కరదీపికగా ప్రచురించింది. వారి ఇళ్లూ, పరదా, అత్తాకోడళ్ల వ్యవహారాలూ మన ఇళ్లకు కొత్తవి కావు గనుక ఈ అనుభవం మనకు మరింత విలువైనది.

ఇంగ్లండులో 440 మందితో జరిగి 2016లో వెలువడిన మరో అధ్యయనంలో, తక్కువ శిక్షణ ఉన్న కార్యకర్తలు చేసిన ఈ చికిత్స, అనుభవజ్ఞులైన థెరపిస్టులు చేసిన వేరొక ఖరీదైన చికిత్సకు తీసిపోలేదని తేలింది. ఖర్చు మాత్రం తక్కువ. అక్కడే లీడ్స్ విశ్వవిద్యాలయంలో గజాలా మీర్ బృందం దీన్ని ముస్లింలకు తగినట్టు మలిచింది. నీకు జీవితంలో ఏది విలువైనదని ముందు అడుగుతారు. మతం తనకు ముఖ్యమని ఆ వ్యక్తి చెబితే నమాజు, పారాయణం, దానం, బంధువులను కలవడం వంటివి పనుల పట్టికలో చేరతాయి. చెప్పకపోతే బలవంతం లేదు. ఆశను గుర్తుచేసే ఇస్లామీ బోధనలతో ఒక చిన్న పుస్తకం కూడా ఇస్తారు. నమాజు తప్పిందన్న అపరాధ భావంతో నలిగే మనిషికి, రెండు రకాతులతో మళ్లీ మొదలుపెట్టవచ్చని చెప్పడం ఎంత బరువు దించుతుందో ఊహించండి.

తెలుగు నేల మీద, పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరుతో చేసిన పని కొంచెం వేరు. అక్కడ ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లో ప్రశ్నలు అడిగి కుంగుబాటు ఉన్నవారిని గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు చేర్చారు. మనసు జబ్బు సిగ్గుపడాల్సింది కాదని నాటకంతో, వీడియోలతో ప్రచారం చేశారు. ఇది పనుల చికిత్స కాదు గానీ, మన తెలుగు పల్లె ఆడవాళ్లు మరొక పల్లె ఆడమనిషి అడిగితే మనసు విప్పుతారనడానికి సాక్ష్యం.

హద్దులు తెలిసి నడవాలి

ఈ చికిత్స అన్నిటికీ మందు కాదు. చనిపోవాలన్న తలపు ఉన్నా, లేని మాటలు వినిపిస్తున్నా, తిండీ నిద్రా పూర్తిగా పోయినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి మన భాషలో మాట్లాడవచ్చు. ఈ నంబరును ప్రతి ఇంటి గోడ మీద రాసుకున్నా తప్పు లేదు.

డాక్టరు మందు రాస్తే మానకూడదు. మందు, చిన్న పనులు రెండూ కలిసి నడవగలవు. థైరాయిడ్, రక్తహీనత వంటివి కూడా ఇలాంటి నీరసాన్నే కలిగిస్తాయి గనుక ముందు ఆ పరీక్షలు చేయించాలి. ఇక ఇంట్లో కొట్టే భర్త ఉంటే ఆమెకు పనుల పట్టిక కాదు, ముందు రక్షణ కావాలి. దెబ్బలు తింటున్న మనిషిని మొక్కలకు నీళ్లు పోసుకోమనడం దారుణం. తిండి గింజలు లేని ఇంటికి ముందు రేషన్ చేరాలి. ఈ తేడాలు తెలిసిన మనిషే ఈ పని చేయాలి.

దాతలకు మా విన్నపం

మన ఊళ్లలో ఈ పనికి కావాల్సింది భవనం కాదు. పదో తరగతో, ఇంటరో చదివి, నలుగురిలో మంచి మాట ఉన్న, విన్నది బయట చెప్పని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కావాలి. వారికి అర్హత గల సైకాలజిస్టు దగ్గర శిక్షణ కావాలి. శిక్షణ ఇచ్చి వదిలేయకుండా వారం వారం వాళ్ల పనిని చూసి సరిదిద్దే పర్యవేక్షణ కావాలి. గోవాలో కార్యకర్తలు ఒకరి పనిని ఒకరు విని మార్కులు వేసుకునేవారు. మంచి ఫలితాల వెనుక ఆ క్రమశిక్షణ ఉంది. వారికి గౌరవ వేతనం, ఆటో చార్జీలు, దగ్గరి ఆసుపత్రి మానసిక వైద్య విభాగంతో ఒక ఒప్పందం. ఖర్చంతా మనుషుల మీదే, వస్తువుల మీద కాదు.

జకాత్ సొమ్మును ఎవరికి, ఎలా ఇవ్వాలో షరీఅత్ స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఈ జీతాలకు జకాత్ తాకకుండా, సదఖా, లిల్లాహ్ పద్దుల నుంచే ఇవ్వాలని, సందేహం ఉన్నచోట ఉలమాలను అడిగి నడవాలని మా సూచన. పేద రోగి మందులకు, రాకపోకలకు జకాత్ వర్తిస్తుందా అన్నది కూడా వారినే అడుగుదాం.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మిషను ఇస్తే దాత, గ్రహీత, మధ్యలో మిషను, ఒక ఫోటో వస్తుంది. ఈ సంచికలో అచ్చవుతుంది. ఈ పనికి ఫోటో ఉండదు. ఏ ఇంటికి వెళ్లామో చెప్పం. ఎవరి పేరూ రాయం. పెళ్లి కావలసిన ఆడపిల్ల పేరు ఒక్కసారి ఈ జాబితాలో కనబడితే ఆమెకు మనం చేసిన మేలు కన్నా కీడే ఎక్కువ. కుడి చెయ్యి ఇచ్చింది ఎడమ చేతికి తెలియనంత గుప్తంగా ఇచ్చే దానానికి ఎంత ఘనత ఉందో మన దాతలకు మేము చెప్పనక్కర్లేదు. ఫోటోకు బదులు ఏడాది చివర నాలుగు అంకెలు ఇస్తాం: ఎందరిని కలిశాం, ఎందరు చివరిదాకా వచ్చారు, ఎందరికి మార్కులు పదికి దిగువకు వచ్చాయి, ఎందరిని ఆసుపత్రికి పంపాం. తగ్గని వారి లెక్క కూడా దాచం.

ఆ మిషను ఇప్పుడు

ఆ సోదరికి డాక్టరు గారు మందు రాశారు. అక్కడి కౌన్సెలర్ ఒక కాగితం మీద వారం గీసి ఇచ్చారు. మా పని వారానికోసారి వెళ్లి పక్కన కూర్చోవడం. మొదటి పని ఏమిటో తెలుసా? ఫజర్ తరువాత తలుపు తీసి, గడప మీద కూర్చుని టీ తాగడం. అంతే. రెండు వారాల తరువాత శుక్రవారం కూతురికి తల దువ్వి జడ వేయడం చేరింది. మిషను మాట ఆమే ఎత్తింది. కుట్టడం గురించి కాదు. "దాని మీద బస్తా తీసేస్తే మంచిదేమో" అంది. ఒక వారం బస్తా తీసింది. ఇంకో వారం దుమ్ము తుడిచి నూనె వేసింది. ఆ తరువాత ఒక దిండు గలీబు. మధ్యలో ఏమీ చేయలేని వారాలు ఉన్నాయి. అప్పుడు కౌన్సెలర్ తిట్టలేదు, పనిని ఇంకా చిన్నది చేశారు.

ఆమె పూర్తిగా కోలుకుందని రాయడం లేదు. మందులు ఇంకా వాడుతోంది. కొన్ని పొద్దులు ఇప్పటికీ బరువుగానే ఉంటాయట. కానీ ఆమె కూతురు మొదటి గంటకు ముందే బడికి వస్తోంది, రెండు జడలతో. ఈ ఏడాది ఆ పిల్ల వేసుకున్న యూనిఫాం వాళ్లమ్మ కుట్టిందే.

ఆ మిషను దానం చేసిన వారు ఈ సంచిక చదువుతూ ఉండవచ్చు. మీ దానం వృథా కాలేదని వారికి మనవి. అది నాలుగు నెలలు దుప్పటి కింద ఎదురుచూసింది, ఎందుకంటే దానికన్నా ముందు చేరాల్సింది మనం చేర్చలేదు. ఈ ఏడాది అది చేర్చే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించాలని, ఇచ్చిన ప్రతి చేతికీ, లేవలేక లేస్తున్న ప్రతి చేతికీ బర్కత్ ఇవ్వాలని దుఆ. ఆమీన్.